చెట్ల ఉగాది



ఒక అంజూరపు చెట్టును ఊహించుకోండి. ఒక రైతు పెరట్లో ఉంది. దాని కొమ్మకు రెండు కాయలున్నాయి. ఒకటి నిన్న పిందె వేసింది, రెండోది ఇవాళ. చూస్తే ఏమీ తేడా లేదు. కానీ పద్దులు రాసే మనిషి వచ్చి, మొదటి కాయను పోయిన ఏటి ఖాతాలో రాశాడు, రెండోదాన్ని ఈ ఏటి ఖాతాలో. అదేమిటయ్యా, రెండూ ఒకే కొమ్మవి కదా అని రైతు అడిగాడు. అవును గానీ నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య చెట్లకు ఉగాది వచ్చింది అన్నాడాయన.

చెట్లకు ఉగాదా? అవునండీ. యూదుల పంచాంగంలో చెట్లకు వేరే ఉగాది ఉంది. ఆ రోజు పేరు తూ బిష్వాత్. కొత్త పేరు కదా, మరోసారి చెబుతాను. తూ బిష్వాత్. ఇవాళ మనం మాట్లాడుకునేది ఆ పండుగ గురించే. పద్దులు రాసుకునే ఒక మామూలు తేదీ నలుగురూ కూర్చుని పళ్ళు పంచుకునే పండుగగా ఎలా మారిందో చెబుతాను.

ముందు ఆ పేరు సంగతి. మనం ఆగస్టు పదిహేనును పంద్రాగస్టు అంటాం చూడండి, ఇదీ అలాంటిదే. శెవాత్ అనేది ఒక నెల. తూ అంటే పదిహేను. శెవాత్ నెల పదిహేనో రోజు, అంతే. హీబ్రూ సంప్రదాయంలో అంకెలను అక్షరాలతో రాస్తారు. పదిహేను రాయాలంటే పది అక్షరం, పక్కన ఐదు అక్షరం పెట్టాలి. కానీ ఆ రెండు అక్షరాలూ కలిస్తే దేవుడి నామంలో భాగమవుతుంది. దేవుడి పేరును లెక్కలకు వాడకూడదని తొమ్మిది, ఆరు అక్షరాలు పెట్టారు. తొమ్మిదీ ఆరూ పదిహేనే కదా. అలా వచ్చిందే తూ.

యూదుల నెలలు మన నెలల్లాగే చంద్రుడి లెక్కతో నడుస్తాయి. వాళ్ళకూ అధిక మాసం ఉంది. నెలలో పదిహేనో రోజంటే పున్నమి పూట. అందుకే ఈ చెట్ల పండుగ మన పుష్య పౌర్ణమికో మాఘ పౌర్ణమికో దగ్గర్లో పడుతుంటుంది. 2024లో జనవరి 25న వచ్చింది. ఆ రోజు మనకు పుష్య పౌర్ణమి.

మరి చెట్లకు వేరే ఉగాది ఎందుకు? యూదుల పాత ధర్మశాస్త్ర గ్రంథం మిష్నాలో ఒకటి కాదు, నాలుగు ఉగాదులు ఉన్నాయి. రాజుల ఏలుబడి లెక్కించడానికి ఒకటి. పశువుల పన్నుకు ఒకటి. సంవత్సరాలు లెక్కపెట్టుకోవడానికి ఒకటి. చెట్లకు ఒకటి. మనకిది వింతేమీ కాదు. ఉగాది మనకు ఉంది, జనవరి ఒకటి ఉంది, బ్యాంకులకు ఏప్రిల్ ఒకటి ఉంది, బడి పిల్లలకు జూన్ ఉంది. ఎవరి పద్దు వాళ్ళది.

ఆ రోజుల్లో రైతు తన పంటలో పదో వంతు విడిగా తీసి, దేవుడి పేరున ఇవ్వాలి. పోయిన ఏటి పండుకు బదులుగా ఈ ఏటి పండు ఇస్తే చెల్లదు. మొక్క నాటిన మొదటి మూడేళ్ళ కాపు అసలు తినకూడదు. ఈ లెక్కలన్నిటికీ ఒక తేదీ కావాలి. ఆ తేదీ మీద పండితుల మధ్య వాదం నడిచింది. శమ్మాయి అనే గురువు శిష్యులు శెవాత్ నెల మొదటి రోజు అన్నారు. హిల్లేలు అనే గురువు శిష్యులు పదిహేనో రోజు అన్నారు. హిల్లేలు వారి మాటే నిలిచింది.

యూదుల పాత దేశమైన ఇజ్రాయెల్‌లో వానలు చలికాలంలో పడతాయి. ఈ పున్నమి నాటికి ఏటి వానల్లో ఎక్కువ భాగం పడిపోయి ఉంటాయి. నేల తాగవలసినంత తాగింది. మోడు కొమ్మల్లో రసం కదులుతుంది. అన్నిటికన్నా ముందు బాదం చెట్టు పూస్తుంది. ఆకు ఒక్కటీ లేదు, చెట్టు నిండా తెల్లటి, లేత గులాబీ పూలు. చలి ఇంకా పోలేదు, బాదం మాత్రం పూసింది.

ఇదండీ మొదటి సంగతి. మళ్ళీ గుర్తు చేస్తున్నాను, ఇది మొదట పండుగ కాదు. పూజ లేదు, విందు లేదు, పాట లేదు. పద్దుల తేదీ, అంతే. తర్వాత, క్రీస్తు శకం 70లో, రోమన్లు జెరూసలేములోని ఆలయాన్ని నేలమట్టం చేశారు. పోను పోను జనం చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. తోటలు పోయాయి. పదో వంతు తీయడానికి పంటే లేదు. ఇక ఆ తేదీతో పనేముంది? మరిచిపోవాలి. కానీ మరిచిపోలేదు.

ఐరోపా చలి దేశాల్లో ఉన్న యూదులు ఏం చేశారో వినండి. శెవాత్ నెల అంటే అక్కడ మోకాలి లోతు మంచు. పచ్చి ఆకు కనపడదు. అలాంటి రోజున, మన పాత ఊళ్ళో ఇవాళ బాదం పూసి ఉంటుంది అనుకుంటూ పళ్ళు తిన్నారు. తాజా పళ్ళెక్కడివి? ఎండు ఖర్జూరం, ఎండు అంజూరం, ఎండు ద్రాక్ష. వాటితో పాటు కారబ్ అనే ఒక కాయ. పొడుగ్గా, ముదురు గోధుమరంగులో, మన చింతకాయకు దూరపు చుట్టంలా ఉంటుంది. పులుపు ఉండదు, బెల్లపు తీపి. ఎండితే చెక్కలా గట్టిపడుతుంది. అందుకే ఓడల్లో నెలల తరబడి ప్రయాణించినా చెడిపోదు. పిల్లలు పళ్ళూడిపోయేలా కొరికేవారట! బంగారం కొట్లో వజ్రాన్ని తూచి క్యారెట్టు అంటారే, ఆ మాట ఈ కాయ గింజ నుంచి వచ్చిందే.

ఆ కాయ పేరు వచ్చింది కాబట్టి తాల్ముదు అనే యూదుల పాత గ్రంథంలోని కథ ఒకటి చెప్పాలి. హోనీ అని ఒక మహానుభావుడు. వాన కురిపించమని ప్రార్థిస్తే కురిసేదట, అంతటివాడు. ఒకరోజు దారిన పోతుంటే ఒక ముసలాయన కారబ్ మొక్క నాటుతున్నాడు. ఇది కాపుకు రావడానికి ఎన్నేళ్ళు పడుతుంది అని హోనీ అడిగాడు. డెబ్భై అన్నాడాయన. నువ్వు డెబ్భై ఏళ్ళు బతుకుతావా? నేను పుట్టేసరికి మా పెద్దలు నాటిన చెట్లున్నాయి, నేను నా వాళ్ళ కోసం నాటుతున్నాను అన్నాడు ముసలాయన.

ఈ కథను చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. బడి పిల్లలకూ ఇంతవరకే చెబుతారు. అసలు కథ ఇంకా ఉంది. హోనీ అక్కడే అన్నం తిని, కునుకు తీశాడు. ఆ కునుకు డెబ్భై ఏళ్ళు పట్టింది. లేచి చూస్తే ఆ చెట్టు మాను కట్టింది. ఒకతను కాయలు కోస్తున్నాడు. ఎవరయ్యా నువ్వు అంటే, నాటినాయన మనవణ్ణి అన్నాడు. హోనీ ఇంటికి వెళ్ళాడు. కొడుకు ఎప్పుడో పోయాడు. మనవడు ఉన్నాడు గానీ, ఈ ముసలాయనే తన తాత అంటే నమ్మలేదు. చదువుకున్న పాఠశాలకు వెళ్ళాడు. అక్కడివాళ్ళు, అబ్బే, హోనీ ఉన్న రోజుల్లో అయితే ఈ చిక్కు ఇట్టే విడిపోయేది అని ఆయన్నే పొగుడుకుంటున్నారు. ఆ హోనీని నేనే అన్నాడు. ఒక్కరూ నమ్మలేదు. పలకరించేవాడు లేడు, వాదించేవాడు లేడు. మనసు విరిగి, నన్ను తీసుకుపో అని దేవుణ్ణి వేడుకుని చనిపోయాడు.

చూశారా. చెట్టు ఉంది. కాయ ఉంది. ఆకలీ ఉంది. కలిసి తినేవాళ్ళు లేరు. నాకైతే ఈ పండుగ మర్మమంతా కథలోని ఈ రెండో సగంలోనే ఉందనిపిస్తుంది. పండు చెట్టు ఇస్తుంది, పండుగ మాత్రం పక్కన కూర్చున్నవాడు ఇస్తాడు.

ఇక సఫెద్ ఊరికి వెళదాం. ఇజ్రాయెల్‌లో గలిలయ కొండల మీద ఉంటుంది. 16వ శతాబ్దంలో కబ్బాలా అనే యూదుల మార్మిక విద్యకు అది కాణాచి. ఇసాక్ లూరియా అనే గొప్ప గురువు అక్కడే బోధించాడు. ఆయన బాటలో నడిచినవాళ్ళు ఈ పాత పద్దుల తేదీని పట్టుకుని దానికొక విందు కట్టారు. ఆ విందు పద్ధతి 18వ శతాబ్దంలో వెనిస్ నగరంలో ఒక చిన్న పుస్తకంగా అచ్చయింది. ఇవాళ చాలాచోట్ల యూదులు కలిసి తూ బిష్వాత్ జరుపుకునేది దాదాపు ఆ విందు పద్ధతిలోనే.

ఆ విందుకు మనమూ వెళ్ళామనుకుందాం. రాత్రి పూట. ప్రార్థన మందిరం పక్కన ఒక హాలు. పొడుగాటి బల్లలు, తెల్ల దుప్పట్లు. ఒక్కో ఇంటివాళ్ళు ఒక్కో రకం పండు తెచ్చారు. బల్ల మీద మూడు రకాల పళ్ళేలు, నాలుగు గిన్నెల ద్రాక్షరసం. మళ్ళీ చెబుతున్నాను, పళ్ళేలు మూడు, గిన్నెలు నాలుగు. తేడా ఎందుకో చూద్దాం.

మొదటి పళ్ళెంలో పైన గట్టి తొక్క ఉన్నవి. బాదం, అక్రోటు, దానిమ్మ. పైది తినలేం, లోపలిది తింటాం. ఇది మనం పనిచేసే లోకానికి గుర్తు అంటారు. ఇక్కడ ప్రతిదానికీ ఒక కవచం కావాలి. రెండో పళ్ళెంలో పైన మెత్తగా, లోపల గింజ గట్టిగా ఉన్నవి. ఖర్జూరం, ఒలీవ, రేగు. మన మామిడీ ఈ కోవదే, పాపం ఆ ఋతువులో దొరకదు. మూడో పళ్ళెంలో మొత్తంగా తినేసేవి. అంజూరం, ద్రాక్ష. పారేసేది ఏమీ లేదు. కవచం లేదు, దాపరికం లేదు.

నాలుగో గిన్నె తాగేటప్పుడు పళ్ళెం లేదు. ఆ గిన్నె అన్నిటికన్నా పై లోకానికి గుర్తు, అక్కడ నోటితో తినే పండు ఉండదట. అందుకే అంతా కాసేపు ఊరికే కూర్చుంటారు. లేదా మంచి వాసన వేసేది ఏదైనా చేతికిస్తారు, అందరూ వాసన చూస్తారు.

గిన్నెల్లోని రంగూ మారుతూ వస్తుంది. మొదటిది పూర్తిగా తెల్ల ద్రాక్షరసం. అది చలికాలం. రెండోదానిలో కాస్త ఎరుపు కలుపుతారు. మూడోదానిలో సగం సగం. నాలుగోది దాదాపు అంతా ఎరుపే, ఓ తెల్ల చుక్క ఉందా లేదా అన్నట్టు. తెలుపు నుంచి ఎరుపుకు, చలి నుంచి వసంతానికి, బల్ల దగ్గర కూర్చునే ప్రయాణం చేస్తారు. పెద్దవాళ్ళకు వైను, పిల్లలకు మామూలు ద్రాక్షరసం. కలిపే పని పిల్లలకే అప్పజెబితే వాళ్ళ సంబరం అంతా ఇంతా కాదు, కాకపోతే తెల్ల దుప్పటి ఆశ వదులుకోవాలి!

ప్రతి పండుకూ ముందు ఒక దీవెన చదువుతారు. చెట్టు పండుకు ఒక దీవెన, నేల పంటకు ఒకటి. ఇక్కడో తమాషా ఉంది. మరి అరటిపండు? యూదుల శాస్త్రం ప్రకారం అరటి చెట్టు కాదు. గెల వేశాక ఆ మాను చచ్చిపోతుంది, మళ్ళీ ఏడు అదే మానుకు కాయదు. కాబట్టి దానికి నేల పంట దీవెనే. గెల దించి మాను నరికేసే మన గోదావరి రైతును అడిగినా ఇదే చెబుతాడు, దీవెన సంగతి పక్కన పెడితే.

ఇప్పటిదాకా దూరదేశాల మాట చెప్పాను. ఇక కొంకణ తీరానికి రండి. ముంబయికి కాస్త దక్షిణంగా, అలీబాగ్ చుట్టుపక్కల పల్లెల్లో తరతరాలుగా ఉన్న యూదులున్నారు. బెనే ఇజ్రాయెల్ అంటారు వాళ్ళను. మాతృభాష మరాఠీ. ఎప్పుడో ఒక ఓడ పగిలి, ఏడు జంటలు బతికి నవగావ్ దగ్గర ఒడ్డుకు చేరాయని, తాము ఆ జంటల సంతానమని వాళ్ళు చెప్పుకుంటారు. గానుగ ఆడించి నూనె తీయడం వాళ్ళ పాత వృత్తి. శనివారం మాత్రం గానుగ ఆపేసేవారు. అది వాళ్ళ విశ్రాంతి దినం. అందుకే ఊళ్ళోవాళ్ళు శనివార్ తేలీ అని పిలిచారు. శనివారం పనిచేయని నూనెవాళ్ళు అన్నమాట.

వీళ్ళకు బైబిలులోని ఏలీయా ప్రవక్త అంటే ప్రాణం. అలీబాగ్ దగ్గర ఖండాలా అనే పల్లె ఉంది. పుణె దారిలో సినిమావాళ్ళు పాడుకునే కొండ ఖండాలా కాదు, ఇది వేరే చిన్న పల్లె. అక్కడ ఒక బండ మీద గుర్తులున్నాయి. ఏలీయా రథం ఆగిన ఆనవాళ్ళవి అని వాళ్ళ నమ్మకం. తూ బిష్వాత్ నాడు ఊళ్ళ నుంచి, ముంబయి నుంచి కుటుంబాలు కదిలి ఆ బండ దగ్గరికి చేరతాయి. ఆ పండుగను వాళ్ళు మరాఠీలో ఏలీయా ప్రవక్త ఉరుసు అంటారు. ఉరుసు అనే మాట మనకు కొత్తా? కసుమూరు దర్గాకు వెళ్ళినవాళ్ళను అడగండి, కడపవాళ్ళను అడగండి. దర్గాల మాట యూదుల పండుగ పేరయింది. పక్కింటివాళ్ళతో కలిసి బతికితే మాటలు గోడ దూకుతాయి.

మాటే కాదు, నైవేద్యమూ దూకింది. ఆ రోజు వాళ్ళు చేసేది మలీద. తెలంగాణ శ్రోతలు ఇప్పటికే నవ్వుకుంటూ ఉంటారు. పీర్ల పండుగకు మలీద, సద్దుల బతుకమ్మకు మలీద ముద్దలు. మనది రొట్టెను నలిపి బెల్లం కలిపి చేసేది. మలీద అంటే ఫారసీలో నలిపినది అనే అర్థం. కొంకణ యూదులది అటుకుల మలీద. అటుకులు తడిపి, తీపి కలిపి, కొబ్బరి కోరు, యాలకుల పొడి, కిస్మిస్, బాదం పలుకులు వేస్తారు. పెద్ద పళ్ళెంలో గుట్టగా పోసి, చుట్టూ అరటి, ఖర్జూరం, ఆ కాలంలో దొరికే ఇతర పళ్ళు పేరుస్తారు. పైన గులాబీలు. అందరూ చుట్టూ కూర్చుని హీబ్రూలో ప్రార్థన చేసి, ఏలీయా పాట పాడి, ఒక్కో పండుకూ దీవెన చదివి పంచుకుంటారు. పెళ్ళికి, గృహప్రవేశానికి, జబ్బు నయమై మొక్కు తీర్చుకునేటప్పుడు కూడా మలీదే. కానీ చెట్ల ఉగాది నాటి మలీద అందరిదీ. పిలుపులు అక్కర్లేదు.

ఒక్కసారి సరిపోల్చి చూడండి. సఫెద్ కొండ మీద మూడు పళ్ళేలు. పోలెండు మంచులో గట్టిపడిన కారబ్ కాయ. కొంకణంలో అటుకులు, కొబ్బరి. ధర్మశాస్త్రంలో ఫలానా పండే తినాలని కట్టడి లేదు. ఎవరి నేల ఇచ్చింది వాళ్ళు తెచ్చారు. నలుగురిలో కూర్చుని తినాలన్న పట్టుదల మాత్రం అంతటా ఒకటే.

1948 తర్వాత బెనే ఇజ్రాయెల్ కుటుంబాల్లో ఎక్కువ భాగం ఇజ్రాయెల్ వెళ్ళిపోయాయి. రమ్లా, లోద్, ఎడారిలోని దిమోనా. ఆ ఊళ్ళలో మన సరుకుల కొట్లున్నాయి. అటుకులు దొరుకుతాయి. మలీద అక్కడా సాగుతోంది. ఇంతకీ తెలుగు మాట్లాడే యూదులు కూడా ఉన్నారని మీకు తెలుసా? గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని కుటుంబాలు తమను బెనే ఎఫ్రాయిము అని చెప్పుకుంటాయి. అక్కడ వాళ్ళకో చిన్న ప్రార్థన మందిరం ఉంది.

ఇక మొక్కలు నాటడం. చాలామంది తూ బిష్వాత్ అంటే మొక్కలు నాటే రోజు అనుకుంటారు. అది చాలా ఈమధ్యది. 1890లో జిఖ్రోన్ యాకోవ్ అనే ఊళ్ళో జేవ్ యవెత్స్ అనే బడి పంతులు తన పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ రోజున మొక్కలు నాటించాడు. అది మిగతా బళ్ళకూ పాకింది. 1901లో పుట్టిన యూదు జాతీయ నిధి దాన్ని పెద్ద ఉద్యమం చేసింది. మనకు 1950లో కె.ఎం. మున్షీ మొదలుపెట్టిన వనమహోత్సవం లాగా అన్నమాట. మా బడిలో వనమహోత్సవానికి ఏటా ఒకే గుంతలో మొక్క నాటేవాళ్ళం. నిరుటి మొక్క ఎండిపోయి ఉండేది కాబట్టి గుంత సిద్ధంగా దొరికేది. నాటడం గంట పని, నీళ్ళు పోయడం మూడేళ్ళ పని.

ఇజ్రాయెల్‌లోనూ ఇలాంటి తలనొప్పులు లేకపోలేదు. కొండలనిండా ఒకే జాతి పైను చెట్లు నాటేశారని, అవి ఇట్టే అంటుకుంటాయని విమర్శ వచ్చింది. 2010లో కర్మెలు కొండ మీద అడవి కాలి 44 మంది చనిపోయారు. 2022 జనవరిలో నెగెవ్ ఎడారిలో ఆ నిధివాళ్ళు మొక్కలు నాటబోతే, ఇది మేము సాగు చేసుకునే భూమి అని బెదూయిన్ అరబ్బులు అడ్డుపడ్డారు. గొడవలయ్యాయి. మొక్క నాటేవాడు ఎవరి నేలలో నాటుతున్నాడో చూసుకోవాలి కదా. ఒకరిని లేవగొట్టి నాటిన చెట్టు నీడన పళ్ళెం పెడితే ఎవరు వచ్చి కూర్చుంటారు?

ఆఖరుగా ఒక ఖర్జూరపు గింజ కథ చెప్పి సెలవు తీసుకుంటాను.

మృత సముద్రం పక్కన మసాదా అనే పాత కోట ఉంది. 1960లలో అక్కడ తవ్వకాలు జరిగాయి. కొన్ని ఖర్జూరపు గింజలు దొరికాయి. సుమారు రెండు వేల ఏళ్ళ కిందటివి.  దశాబ్దాల పాటు అవి సొరుగులో ఉండిపోయాయి. సారా సాలన్ అనే వైద్యురాలు వాటిని అడిగి తీసుకుని, ఎలేన్ సాలోవే అనే వృక్షశాస్త్రజ్ఞురాలి చేతికిచ్చింది. ఎలేన్ దక్షిణాన కెతూరా అనే ఊళ్ళో ఉంటుంది. 2005లో గింజలను నానబెట్టి నాటింది. ఏ రోజున? తూ బిష్వాత్ నాడు. మొలుస్తాయని ఆమెకూ పెద్ద ఆశ లేదు. కొన్ని వారాలకు మట్టి పగిలింది. ఒక మొలక వచ్చింది.

దానికి మెతూషెలా అని పేరు పెట్టారు. బైబిలులో అందరికన్నా ఎక్కువ కాలం బతికిన తాత పేరు అది. చెట్టు పెరిగింది, పూసింది. తీరా చూస్తే అది మగ చెట్టు. మన పల్లెల్లో పోతుతాడు అంటాం చూడండి, అలాంటిది. ఎంత పూసినా కాయదు. రెండు వేల ఏళ్ళు నిద్రపోయి లేచి, మన హోనీలాగే ఒంటరిగా నిలబడింది.

అప్పుడు మరోచోట దొరికిన పాత గింజల్ని కూడా నాటారు. వాటి నుంచి ఆడ చెట్లూ వచ్చాయి. ఒకదాని పేరు హన్నా. హన్నా పూత వేశాక, మెతూషెలా పుప్పొడి తెచ్చి దానికి అద్దారు. 2020లో గెల పండింది. నూట పదకొండు పళ్ళు. కోసినవాళ్ళు దీవెన చదివి రుచి చూశారు. తేనె రుచి ఉందట.

మన పద్దుల మనిషి అప్పుడు అక్కడ ఉండి ఉంటే బాగుండేది. ఆ పళ్ళను ఏ ఏటి ఖాతాలో రాసేవాడో.